మిగిలింది నాది

ఆయన పోయాడని బుద్రి అప్ప ఫోను చేసి చెప్పినప్పుడు నేను అయ్యో అనలేదు. "రికార్డు ఎక్కడుంది?" అని అడిగాను.   "నువ్వు ముందు రా తమ్ముడా," అని పెట్టేసింది.

ఇది చదివి నన్ను రాతిగుండె మనిషి అనుకునేవాళ్లు అనుకోండి. చనిపోయినవాళ్లను నాలుగు మంచి మాటలతో సాగనంపడం మర్యాద అని నాకూ తెలుసు. అరకులో ఆయన్ని ఎరిగినవాళ్లంతా ఇప్పటికీ ఆ మర్యాదే పాటిస్తున్నారు. సంగీతమంటే ప్రాణమట. మనసు వెన్నట. ఒకాయన నన్ను సంత దగ్గర ఆపి మరీ, "మీకు గురువులాంటివారు కదండీ, పాపం," అని ఓదార్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గురువూ లేదు, గుర్రమూ లేదు. ఆయనంత పిసినారిని నేను నా జన్మలో చూడలేదు. డబ్బు విషయంలో కాదు, అదైతే నేను పట్టించుకునేవాణ్ని కాదు. పాట విషయంలో పిసినారి.

ఊళ్లో అందరూ ఆయన్ని షిప్పు సారు అనేవాళ్లు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక చల్లదనం కోసం కొండెక్కి వచ్చాడు. సొంతూరు పార్వతీపురం వైపు. పెళ్లి చేసుకున్నాడో లేదో తెలీదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంతకుమించి ఆయన బతుకు గురించి నాకు తెలీదు. తెలిసినవన్నీ ఆయన అలవాట్లు.

ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లకి భూమి కొనే హక్కు లేదు కదా. అందుకని ఆయన తనకి వంట చేసే బుద్రి అప్ప నేల మీద, ఆమె పేరుతోనే ఇల్లు కట్టాడు. కాగితాల ప్రకారం ఇల్లు ఆమెది. ఆయన బతికుండగా ఆ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. గుమ్మం దగ్గర, కాళ్లు బయటికి పెట్టుకుని, చాటలో రాజ్‌మా ఏరుకుంటూ కూర్చునేది. పడక్కుర్చీ ఆయనది. నాకు ప్లాస్టిక్ స్టూలు. వర్షంలో తడిసి వెళ్తే ఆ స్టూలు కూడా ఉండేది కాదు, నేల పాడవుతుందని నిలబెట్టేవాడు.

ఇంకో చోద్యం వినండి. ఆయన ఇంటి చుట్టూ కాఫీ తోటలే. పూత పూసిన రోజుల్లో ఆ వాసనకి దారిన పోయేవాళ్లు ఆగిపోతారు. పై దేశాల వాళ్లు వచ్చి మా గింజలు కొనుక్కుపోతున్నారు. ఈయన మాత్రం విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న పాకెట్టు పొడి, వేన్నీళ్లలో కలుపుకుని తాగేవాడు. బుద్రి అప్ప ఒకసారి తను ఎండబెట్టి వేయించిన గింజలతో కాఫీ కాచి ఇస్తే, ఒక గుటక వేసి, "ఏటిది, కషాయమా?" అని పెరట్లో పారబోశాడు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నేనక్కడే ఉన్నాను.

ఎండాకాలంలో కూడా మంకీ క్యాపు. మెడలో మఫ్లరు. ఎదుటివాడు ఏ మాట మాట్లాడినా అందులో ఒక తప్పు పట్టడం. నలభై దాటిన బడిపంతుల్ని నన్ను పట్టుకుని, తిక్కరేగితే "ఒరే గుంటడా" అనేవాడు. తిక్క లేనప్పుడు "మేస్టారూ" అనేవాడు గానీ, ఆ పిలుపులో గౌరవం కంటే వెటకారమే ఎక్కువ.

ఇక గ్రామఫోను రికార్డుల సంగతి. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ కొన్నవట. గోడ పొడుగునా నిలబెట్టి ఉండేవి. ఒక్కదాని పేరు కూడా ఎవరికీ తెలీదు. ఎందుకంటే అన్నిటికీ అట్టలు వేసి ఉంచాడు. పిల్లల పుస్తకాలకి వేస్తాం చూడండి, అలాగ. పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, తెల్ల వైపు బయటికి పెట్టి, అన్నం మెతుకులతో అంటించేవాడు. మధ్యలో ఉండే గుండ్రటి లేబులు మీద కూడా ఒక తెల్ల చక్రం. ఏ రికార్డు ఏదో ఆయన చేతివేళ్లకి మాత్రమే తెలుసు. ఒకసారి అడిగాను, దుమ్ము పడకుండానా అని. ఆయన నవ్వి, "పేరు తెలిస్తే నువ్వు కొనుక్కుంటావు. నువ్వూ కొనుక్కుంటే నాకేటి మిగుల్తాది?" అన్నాడు. ఎంత నిజాయితీగా అన్నాడో చూడండి. సిగ్గు కూడా పడలేదు.

ఆ ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది ఇంటింటి సర్వే డ్యూటీ మీద. ఆశ్రమ పాఠశాల పంతుళ్లకి చదువు చెప్పడం కంటే సర్వేలే ఎక్కువ. గేటు తీయబోతుంటే లోపల్నుంచి వేణువు వినబడింది. నేను గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇక్కడ మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న పశువులు కాసేవాడు. నడుముకి ఎప్పుడూ ఒక వెదురు పిల్లంగోవి దోపుకుని ఉండేవాడు. ఊదేటప్పుడు మధ్యలో గాలి పీల్చుకుంటే 'హుఁ' అని చిన్న చప్పుడు వచ్చేది. అది పాటకి అడ్డం వచ్చేది కాదు, పాటలో అదీ ఒక స్వరంలా ఉండేది. ఎదుటి గట్టు మీద ఇంకొకాయన పశువులు మేపేవాడు. మా నాన్న ఊదే పాట ముక్క ఇంకా ముగియకుండానే ఆయన అటువైపు నుంచి అందుకునేవాడు. ఆయనది ముగియకుండానే మా నాన్న. ఇద్దరికీ మధ్య సందు అనేది ఉండేది కాదు. సాయంత్రం పశువులు దిగేదాకా అలాగే నడిచేది.

నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న జ్వరంతో పోయాడు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషిని పూడ్చాక, అతనికి బాగా ఇష్టమైన వస్తువు ఆ మట్టిదిబ్బ మీద పెట్టేస్తారు. గొడ్డలో, గొడుగో, చుట్టల డబ్బానో. దాన్ని ఇంకెవరూ ముట్టరు. ఎండకి ఎండి, వానకి తడిసి, అదే పోవాలి. మా నాన్న దిబ్బ మీద పిల్లంగోవి పెట్టారు. నేను చెయ్యి చాపాను. మా నాయనమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "ముట్టకు. ఆడి సేతిలోంచి లాగీసుకున్నట్టే," అంది. రెండు వానాకాలాలకి ఆ వెదురు పగిలి, చెద పట్టి, మట్టిలో కలిసిపోయింది. ఎదుటి గట్టాయన మళ్లీ ఊదగా ఎవరూ వినలేదు. మా నాన్న పాట పట్టి ఉంచడానికి అప్పట్లో మా ఊళ్లో ఏముంది చెప్పండి, టేపురికార్డరా, ఫోనా? ఏమీ మిగల్లేదు.

షిప్పు సారు గేటు దగ్గర నేను విన్నది ఆ 'హుఁ'. అచ్చం అదే. పాట వేరు, వాయిద్యం వేరు, మన వెదురు కాదు, ఇంకా బరువైన గొంతు. కానీ గాలి పీల్చిన ఆ చప్పుడు మాత్రం మా నాన్నది.

ఆయన వరండాలోకి వచ్చి నన్ను చూసి, "ఏటి, గోడకి బల్లిలాగ అతుక్కుపోయినావు?" అన్నాడు.

"సర్వే అండీ."

"సర్వే నాకు సేత్తావా, గేటుకి సేత్తావా? బేగి రాసుకుని ఎల్లు."

నేను వెళ్లలేదు. ఆ పాట ఏమిటండీ అని అడిగాను. నా మొహంలో ఏం కనబడిందో, లోపలికి రమ్మన్నాడు. చేతులు సబ్బుతో కడిగించి, బడిలో పిల్లల్ని చూసినట్టు రెండు వైపులా తిప్పి చూసి, స్టూలు చూపించాడు. పాట ఎక్కించుకోకుండా, ఫోను గుమ్మం దగ్గర బుద్రి అప్పకి ఇచ్చి రమ్మన్నాడు. రికార్డు మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. అబద్ధం ఎందుకు, ఆ అరగంట నేను ఈ లోకంలో లేను. రికార్డు రెండో వైపు ఆఖరి పాట మొదలవబోతోందనగా ఆయన లేచి, ముల్లు ఎత్తేశాడు.

"సాలు. మిగిలింది నాది," అన్నాడు.

మొదటిసారి సరదాకి అన్నాడనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లాను. ప్రతిసారీ అక్కడే ఎత్తేవాడు. ప్రతిసారీ అదే మాట. అలమారా తలుపు మూసినట్టు మూసేవాడు. రికార్డు కాగితంలోకి పోయాక, ఆయన చేతులు ఒకదానితో ఒకటి దులుపుకుంటే ఇక లేవమని అర్థం.

ఏ దేశపు పాట అని అడిగితే ఒకసారి ఐర్లండు అన్నాడు. నేను ఆరు నెలలు ఫోనులో ఐర్లండు వేణువులన్నీ విన్నాను. బాగున్నాయి, ఇది కాదు. ఇంకోసారి స్పెయిను అన్నాడు. అదీ కాదు. మళ్లీ అడిగితే, "గోవా అనుకో, నీకేటి పోయింది?" అన్నాడు. నేను ఇంటికొచ్చి పళ్లు నూరుకుంటే మా ఆవిడ, "అంత బాధ అయితే వెళ్లడం మానేయండి," అనేది. మానేద్దామనే అనుకునేవాణ్ని. ఆదివారం వచ్చేసరికి కాళ్లు అటే లాగేవి.

ఒక సాయంత్రం తెగించి మా నాన్న సంగతంతా ఆయనకి చెప్పాను. పిల్లంగోవి, ఆ గాలి చప్పుడు, ఎదుటి గట్టు, ఒకరు ముగించకముందే ఒకరు అందుకోవడం, దిబ్బ మీద పెట్టేయడం, అన్నీ. మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పని సంగతులు.  ఆయన పడక్కుర్చీలో కళ్లు మూసుకుని విన్నాడు. గుమ్మం దగ్గర బుద్రి అప్ప ఏరడం ఆపేసింది. కొంచెమైనా మెత్తబడతాడని చూశాను.

"పశువులోడు ఊదింది దీనితో పోల్చకు," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే. "అది కూత. ఇది సంగీతం. సిన్నప్పుడు ఇన్నావు గనక నీకు పాటలాగ ఉంది."

నేను స్టూలు మీంచి లేచాను. ఇంకొక్క క్షణం ఉంటే ఏం చేసేవాణ్నో నాకే తెలీదు. అప్పుడు కళ్లు తెరిచి, "కూకో, కూకో. అంత ఇదైతే, నేను పోయాక నీదేలే ఈ రికార్డు," అన్నాడు.

కూర్చున్నాను. మా నాన్నని అంత మాట అన్నవాడి ముందు మళ్లీ కూర్చున్నాను, ఆశ అలాంటిది. "ఈ ఒక్కరోజుకీ చివరిదాకా ఉంచండి సార్," అని బతిమాలాను. ఆయన రికార్డు పెట్టాడు. ఆఖరి పాట దగ్గరికి రాగానే లేచాడు. నా మొహంలోకి చూస్తూ ముల్లు ఎత్తాడు. "సాలు. మిగిలింది నాది."

'నేను పోయాక నీదే' అన్న ఆ మాటతో ఆయన నా ముక్కుకి తాడు వేశాడు. ఆ రోజు నుంచి ఆయన గ్యాసు బండ నేనే మోశాను. మందులు నేనే తెచ్చాను. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు నేనే పోశాను. రికార్డు ప్లేయరు బెల్టు తెగిపోతే సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్లి, దుకాణం దుకాణం తిరిగి పట్టుకొచ్చాను. తెచ్చి ఇస్తే, "ఇంత ఆలీసమేటి?" అన్నాడు. మా స్కూలు పిల్లలు వార్షికోత్సవానికి థింసా ఆట నేర్చుకుంటుంటే, ఆ డప్పులు ఆపమని కబురు పెట్టాడు. తలనొప్పిట. నేను ఆపించలేదు. నెల రోజులు నాకు పాట లేదు. గేటు దగ్గర నిలబెట్టి, "మీ డప్పులు ఇనుకో పో," అని పంపేసేవాడు.

ఎప్పుడైనా కాస్త నలతగా ఉంటే మాత్రం గుర్తు చేసేవాడు. "ఇంకెన్నాళ్లులే మేస్టారూ. నీదే కదా."

ఆయన పోయినప్పుడు నేను సాలూరులో మా అత్తవారింట్లో ఉన్నాను. వానలు దంచి కొడుతున్నాయి. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి బస్సులు ఆగిపోయాయి. పార్వతీపురం నుంచి రావాల్సిన ఆయన అన్న కొడుకు కూడా, "మేం రాలేం, మీరే కానిచ్చేయండి," అన్నాడట. దారి తెరిచాక నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. కట్టెలు తడిసి ఉన్నాయని పూడ్చేశారు. ఊరి శ్మశానంలో బయటివాడికి చోటు ఇవ్వమన్నారు పెద్దలు. బుద్రి అప్ప తన నేలలో, ఇంటికి ఎదురుగా ఉన్న వాలులో, సిల్వరోక్ చెట్ల కింద చోటిచ్చింది. బతికినన్నాళ్లూ ఆమెను గుమ్మం దాటి లోపల కూర్చోనివ్వని మనిషికి ఆమె తన నేలలో చోటిచ్చింది. అదీ ఆమె.

నేను గోడ దగ్గరికి వెళ్లి వెతికాను. తెల్ల కాగితాల వరసలో ఒక చోట సందు కనబడింది. అది ఉండే చోటే. దానికి వేసిన కాగితం అన్నిటికంటే ఎక్కువ నలిగి, జిడ్డు పట్టి ఉండేది. నాకు బాగా గుర్తు.

"అప్పా, అదేదీ?"

"దిబ్బ మీద పెట్టీసినాను," అంది బుద్రి అప్ప.

 నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆయనకి అన్నిటికంటే అదే ఇష్టం గదా తమ్ముడా. మనోళ్లకి పెట్టినట్టే పెట్టినాను. ఆ పాట పెట్టె కూడా పెడుదును గానీ, అది బరువు. తడిస్తే కరెంటు కొడతాదని ఒగ్గీసినాను."

"నాకిస్తానన్నాడప్పా. ఏళ్లయి చెప్తున్నాడు. నేను పోయాక నీదే అన్నాడు."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది. అది నాకింకా మంట పుట్టించింది. "నాతో సెప్పలేదు," అంది. "నిజంగా సెప్తన్నాను. పోయేముందు రెండు రోజులు మాటాడతానే ఉన్నాడు. పిల్లికి పాలు పొయ్యమన్నాడు. ఇన్వర్టరు కట్టీమన్నాడు. మిగిలిన కాఫీ పొడి పాకెట్లు అంగట్లో తిరిగి ఇచ్చీమన్నాడు. నీ మాట రాలేదు. ఒక్క ముక్క అనుంటే నీ కోసం దాచనా?"

పాకెట్ల సంగతి గుర్తొచ్చింది. నేను గుర్తు రాలేదు. నేను మోసిన గ్యాసు బండలు, తిరిగిన దుకాణాలు, నిలబడిన గేట్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఆ మాట ఆయన ఏనాడూ మనసులో అనుకుని అన్నది కాదు. నన్ను నిలబెట్టుకోవడానికి అన్నాడు, అంతే.

వాలు దిగి దిబ్బ దగ్గరికి వెళ్లాను. రాయికి ఆనించి, నిలువుగా పెట్టింది. తెల్ల కాగితం వానకి తడిసి బూడిద రంగైపోయింది. చెయ్యి చాపితే అందుతుంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. తీసుకుపోయి తుడిచి ఎండబెట్టుకుంటే ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. కానీ మా నాన్న పిల్లంగోవి ముట్టనివ్వలేదు నన్ను. ఆ చెద పట్టిన వెదురుని ముట్టని చేత్తో ఈయన రికార్డుని ముడతానా? తిరిగి వచ్చేశాను.

మళ్లీ ఎందుకు వెళ్లావంటే, తిట్టడానికి వెళ్లాను. దాచుకునేదేముంది. వారం పది రోజులు వాన తెరిపివ్వలేదు. లోపలున్నదంతా కుళ్లిపోతున్నట్టు ఉండేది నాకు. ఒక మధ్యాహ్నం బడి నుంచి నేరుగా గొడుగు వేసుకుని వెళ్లి, దిబ్బ ముందు నిలబడి, నోటికొచ్చిందల్లా తిట్టాను. మోసగాడా అన్నాను. మా నాన్నది కూతా అన్నాను. తిట్టి తిట్టి అలిసిపోయి చూస్తే, కాగితం లేదు. అన్నం మెతుకుల జిగురు వానకి నానిపోయి, కాగితం ఊడి కింద మట్టిలో పడి ఉంది.

అట్ట మీద ఒక సముద్రపు ఒడ్డు. రాతి గుడి ఒకటి. ఆడా మగా వరసగా నిలబడి, చిటికెన వేళ్లు కలుపుకుని ఆడుతున్నారు. ఒక మనిషి నల్లటి చెక్క వేణువు ఊదుతున్నాడు. పైన పేరు. వాన నీటికి అక్షరాలు మెరుస్తున్నాయి.

ఫోను తీశాను. అప్పుడే బుద్రి అప్ప వాలు దిగి వచ్చింది, నా తిట్లు ఇంటిదాకా వినబడ్డాయో ఏమో. ఫోటో తియ్యడం ముట్టడం కిందికి వస్తుందా అని అడిగాను. ఆమె ఆలోచించింది. "యంత్రంతో వద్దులే. కంటితో సూసుకో. కంటితో సూస్తే తీసుకున్నట్టు కాదు," అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కొక్క అక్షరం పైకి చదివాను. ఎక్కడ చూసినా కె, జెడ్. బుద్రి అప్ప కూడా నాతో పాటు వల్లె వేసింది. నేను మర్చిపోతే తను గుర్తు పెట్టుకుంటానంది. ఇద్దరం ఆ గొట్టు అక్షరాలు పలుక్కుంటూ వాలు ఎక్కి, ఇంట్లోకి వచ్చి, సుద్దముక్కతో తలుపు మీద రాశాం. ఆ పేరు ఇక్కడ రాయడం లేదంటే ఆయనలా దాచుకోవడానికి కాదు. తెలుగులో ఎలా రాయాలో చేతకాక. మా బడి నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

పేరు తెలిశాక కూడా అది ఫోనులో ఎక్కడా దొరకలేదు. కాఫీ గింజలు చూసుకోవడానికి ఏటా వచ్చే ఒక ఫ్రెంచావిడ ఉంది. మా పిల్లలకి రంగు పెన్సిళ్లు తెస్తుంటుంది. ఆమెకి చూపిస్తే నవ్వింది. ఇది ఫ్రెంచి కాదు, బ్రెటన్ అంది. ఫ్రాన్సుకి పడమటి కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన సీమట. వాళ్ల భాష వేరు, ఆటపాటలు వేరు, పట్నం వాళ్లు ఒకప్పుడు వాళ్లనీ చిన్నచూపు చూశారట. ఆ రికార్డు ఏదో పల్లెటూళ్లో కొన్ని కాపీలే వేశారు, మళ్లీ వెయ్యలేదు, దొరకడం కష్టం అంది. నేను ఆశ వదులుకున్నాను. ఆమె వదల్లేదు. మరుసటి ఏడు గింజలు ఎర్రబడే రోజుల్లో వచ్చి, పెట్టె తెరిచి, రెండు స్వెట్టర్ల మధ్య నుంచి తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల అత్తగారి ఊళ్లో ఒక ముసలాయన అటక మీద ఉందట. ఎవరో కొండల్లో పంతులు దీని కోసం తిరుగుతున్నాడని చెబితే, మాట్లాడకుండా తీసి ఇచ్చేశాడట. చూడండి, మనుషులు అలా కూడా ఉంటారు.

పాట పెట్టె బుద్రి అప్ప ఇంట్లో ఉంది కదా. అక్కడికే తీసుకెళ్లాను. ఆమె చేతులు కడుక్కోమనలేదు. ఫోను అడగలేదు. తన గింజలతో కాఫీ కాచి తెచ్చి, పడక్కుర్చీలో కూర్చుని, కాళ్లు పైకి ముడుచుకుంది. ఆ కుర్చీలో ఆమెను చూడటంతోనే నాకు సగం ఆనందం దొరికేసింది.

ముల్లు దింపాను. మొదటి పాట, రెండోది, అన్నీ నాకు తెలిసినవే. గాలి పీల్చిన ఆ చప్పుడు వస్తుంటే బుద్రి అప్ప నా వైపు చూసి, "మీ అయ్య," అంది. ఆ సాయంత్రం గుమ్మం దగ్గర ఆమె విన్నదంతా గుర్తు పెట్టుకుంది. రికార్డు తిప్పాను. ఆయన లేచే చోటు వచ్చింది. ఇద్దరం పెట్టె వైపు చూశాం. పాట ఆగకుండా ముందుకు పోయింది.

ఒక వేణువు మొదలైంది. ఒక చిన్న ముక్క. అది ఇంకా ముగియకుండానే, దూరం నుంచి, ఇంకో వేణువు అందుకుంది. అది ముగియకముందే మొదటిది. గాలి పీల్చిన చప్పుడు ఇటు, పాట అటు. పాట ఇటు, గాలి అటు. మధ్యలో సందు లేదు. మా నాన్న ఒక్కడే కాదు, ఎదుటి గట్టు కూడా ఉంది అందులో. నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గెందుకు, బిగ్గరగానే ఏడ్చాను. ఆయన కోసం మాత్రం కాదు.

ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. ఇంతకుముందున్న కోపాలన్నీ దీని ముందు ఏపాటివి? ఎదుటి గట్టు సంగతి నేను ఆయనకి చెప్పాను. ఒకరు ముగించకముందే ఒకరు అందుకునేవాళ్లని నోరు విప్పి చెప్పాను. అది ఆ రికార్డులో ఎక్కడుందో ఆయనకి తెలుసు. తెలిసి, నా మొహంలోకి చూస్తూ, సరిగ్గా దాని ముందు ముల్లు ఎత్తాడు. ఎందుకు అంటే నాకు తెలీదు. ఏదో కారణం ఉండే ఉంటుంది, ఒంటరితనమో ఇంకోటో, మీరు వెతికి పెట్టుకోండి. నాకు అక్కర్లేదు.

లేచి స్పీకరు పెట్టె కిటికీ దగ్గరికి ఈడ్చాను. వాలు వైపు తిప్పాను. కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. సిల్వరోక్ చెట్ల కింద దిబ్బ కనబడుతోంది. ఇప్పుడు దాని మీద అట్ట కూడా మిగల్లేదు, వంకర పోయిన నల్లటి పళ్లెం ఒకటి ఎండలో మెరుస్తోంది. ఆఖరి పాట మళ్లీ పెట్టి, శబ్దం ఎంత పెరుగుతుందో అంతా పెంచాను.

"ఆయనకి ఇనిపిత్తన్నావేటి?" అంది బుద్రి అప్ప.

"ఇనిపిత్తన్నాను."

"మంచి పని సేసినావు. ఇష్టం గదా పాపం."

"ఇష్టమని కాదప్పా," అన్నాను. "ఇప్పుడు లేచొచ్చి ముల్లు ఎత్తమను."

 పాట చివరిదాకా నడిచింది. ఎవరూ రాలేదు.